లాల్‌బీ బాగుండాదంటే బాగుండాదే

జమ్మలమడుగు అంగళ్ళలోకి కొత్త సబ్బు ఏదైనా దిగిందంటే అది మొదట అరిగేది లాల్‌బీ ఒంటిమీదే. గాజులమ్ముకునే మనిషికి వాసన సబ్బెందుకని ఆమె మొగుడు ఖలందర్ పరుపులు కుడుతూ గొణిగేవాడు. "ఎందుకేంది? పెన్నకు అవతల నా మాట కోసరం కాచుకోనుండారు" అనేది ఆమె.

అది గొప్పకు చెప్పుకున్న మాట కాదు. అవతలి ఒడ్డున ఎర్రగట్టుపల్లెలో పెద్దిళ్ళ ఆడవాళ్ళు గడప దాటేవాళ్ళు కాదు. ప్రొద్దుటూరికైనా జమ్మలమడుగుకైనా మొగవాళ్ళే పోవాలి. ఆ మొగవాళ్ళకు వేరుశనక్కాయల ధర తెలుస్తుంది, కోర్టు వాయిదాలు తెలుస్తాయి, మొహానికి పూసుకునే స్నో డబ్బా సంగతి ఏం తెలుస్తుంది? భుజాన గాజుల మలారం వేసుకుని, ఇంకో చేతిలో మంచినీళ్ళ మరచెంబు పట్టుకుని, నేరుగా వంటింటి గడప దాకా వచ్చే లాల్‌బీ చెప్పాలి. సబ్బుబిళ్ళను దారంతో ముక్కలు కోసి కొంగున ముడేసుకుని వచ్చేది. "ముందు చేతికి రుద్దుకో, ఆనక మాట్లాడు" అనేది. వాళ్ళు రుద్దుకునే లోపలే తన తీర్పు చెప్పేసేది. "వాసన గుమ్మం దాక వస్తాది. మురికి మాత్రం పోదు. మన సున్నిపిండే మేలు."

తాను వాడనిదాన్ని గురించి నోరెత్తదు. వాడినదాన్ని గురించి దాచదు. వనస్పతి కొత్తగా వచ్చినప్పుడు పెద్దిళ్ళవాళ్ళంతా డబ్బా చూసి మురిసిపోతుంటే, "అంగిట్లో మైనం పూసినట్టుండాది, పెండ్లికొచ్చినోళ్ళకు పెట్టండి, ఇంట్లోవాళ్ళకు వద్దు" అంది. టీ పొట్లాల ఏజెంటొకాయన రెండు పొట్లాలు ఊరికే ఇచ్చి, పల్లెల్లో నాలుగు మంచి మాటలు చెప్పమన్నాడు. పొట్లాలు తీసుకుంది. పల్లెల్లో మాత్రం, "రంగు బాగుండాది, రుచికొస్తే గోనెసంచి ఉడకేసిన నీళ్ళే" అని చెప్పింది. ఆ ఏజెంటు తర్వాత ఆమె కనిపిస్తే సందు మారేవాడు.

ఆఖరికి తన పొట్ట కొట్టే రబ్బరు గాజుల మీద కూడా అబద్ధం చెప్పలేదు. కొన్నాళ్ళు వేసుకుని తిరిగి, "తేలిగ్గుండాయి, పగలవు. చెయ్యి కదిపితే సప్పుడు రాదు, అదొకటే తక్కువ" అంది. ఎర్రగట్టుపల్లెకు పగలని గాజులే మంచివని ఒక ముసలామె నిట్టూర్చింది. ఆ ఊళ్ళో మొగవాళ్ళు ఏడాదికొకరు నరుక్కు చచ్చేవాళ్ళు మరి. గాజులు తొడిగే పని లాల్‌బీది, వాటిని పగలగొట్టించే పని మొగవాళ్ళది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తల్లో మాట ఇది. ఊళ్ళో రెండు పెద్దిళ్ళుండేవి. ఒకటి చెన్నప్పది. ఇంకొకటి నాగమ్మది. నాగమ్మ మొగుడు పోయి చాలా కాలమైంది, ఒక్కడే కొడుకు ఆదినారాయణ. పంచాయతీ ప్రెసిడెంటుగిరీ దగ్గర మొదలైన పగ ఆ రెండిళ్ళ నడుమ ఎంత ముదిరిందంటే, ఒకరింటి పాలేరు ఇంకొకరి గట్టు మీద నడిస్తే కాళ్ళు విరిచేవాళ్ళు. లాల్‌బీకి మాత్రం రెండు గడపలూ తెరిచే ఉండేవి. గాజులామెకు పార్టీ లేదన్నది ఆ ఊరి కట్టుబాటు. పార్టీ లేదు గానీ మడి మాత్రం ఉండేది. దాహమంటే రెండిళ్ళలోనూ ఆమె దోసిట్లోకి నీళ్ళు పైనుంచే పోసేవాళ్ళు. అందుకే ఆమె సొంత మరచెంబు వదిలేది కాదు.

వేసవిలో ఒకనాడు, ఎండ నడినెత్తికెక్కిన వేళ, లాల్‌బీ పెన్న ఇసుకలో చెలమ దగ్గర చెంబు నింపుకుంటోంది. ఆదినారాయణ సైకిలు నడిపించుకుంటూ ఇసుకలో పడి వస్తున్నాడు. మీసం సరిగా ముదరని వయసు. ఆమెను చూసి ఆగాడు.

"లాల్‌బీ, ఆ పచ్చసీసా తలనూనె ఎట్లుండాది?"

"జిడ్డు. దిండంతా పాడైతాది. నీకెందుకప్పా, నీ జుట్టుకు ఆముదమే ఎక్కువ."

అతను నవ్వాడు. "నువ్వు బాగుండాదంటే కొందామనుకుంటిని" అని సైకిలు తోసుకుంటూ ముందుకు పోయాడు. లాల్‌బీ మలారం సర్దుకుని వెనకే నిదానంగా నడిచింది. ఊరివైపు ఒడ్డెక్కి తుమ్మచెట్ల దగ్గర దారి మలుపు తిరిగే చోట ఆమెకు సైకిలు కింద పడ్డ చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకో చప్పుడు, కసాయి అంగట్లో వినిపించే చప్పుడు. లాల్‌బీ తుమ్మకంప వెనక అలాగే కూలబడిపోయింది.

చెన్నప్ప, అతని మనుషులు ఇద్దరు. ముగ్గురి చేతుల్లోనూ వేటకొడవళ్ళు. మొదటి వేటు భుజం మీద పడింది. ఆదినారాయణ కింద పడలేదు, పడిన సైకిలును లేపబోయాడు. రెండో వేటు మెడ పక్కన దిగి ఇరుక్కుపోయింది. చెన్నప్ప కొడవలి గుంజాడు, అది రాలేదు. కాలు అతని రొమ్ము మీద పెట్టి తన్ని లాక్కున్నాడు. అప్పుడు కూడా ఆ పిల్లవాడు ఊడిపోయిన చెప్పులోకి కాలు దూర్చుకోవాలని తడుముకుంటున్నాడు. తక్కిన ఇద్దరూ పని ముగించారు. నరికినవాళ్ళు ఎండదెబ్బ తిన్న ఎద్దుల్లాగా రొప్పుతున్నారు. చెన్నప్ప రెండడుగులు పక్కకు వేసి, మోకాళ్ళ మీద చేతులానించి, భళ్ళున వాంతి చేసుకున్నాడు. అంత పెద్ద చెన్నప్ప, చొక్కా నిండా కక్కుకున్నాడు. ఆ తర్వాత ముగ్గురూ ఏట్లోకి దిగి, చెలమలో కొడవళ్ళు కడుక్కుని, ఏటి వెంబడి పైకి పోయారు.

ఆదినారాయణ ఇంకా బతికే ఉన్నాడు. "నీళ్ళు" అన్నాడు. ఆమె వెనకే వస్తోందని అతనికి తెలుసు. "లాల్‌బీ, నీళ్ళు" అన్నాడు.

లాల్‌బీ ఒళ్ళో మరచెంబు ఉంది. నిండుగా ఉంది. ఆమె చెయ్యి మూత మీదే ఉంది. చంపినవాళ్ళు కనుచూపు దాటి పోయారని కూడా తెలుసు. లేవలేదు. కాళ్ళు రాలేదో, మనసు రాలేదో, ఆమె తర్వాత ఎన్నిసార్లు తలపోసుకున్నా తేల్చుకోలేకపోయింది. అతను ఇంకోసారి అడిగాడు. ఆ పైన అడగలేదు. అప్పుడు లేచి, అటువైపు చూడకుండా, వచ్చిన దారినే ఇంటికి పరిగెత్తింది. దారిలో చెంబులో నీళ్ళన్నీ ఇసుకలో పారబోసింది.

చూసినవాళ్ళు లేక కేసు నిలవలేదు. ఊరంతటికీ ఎవరు చంపారో తెలుసు, అయినా కోర్టుకు కావలసింది ఊరికి తెలిసిన సంగతి కాదు. లాల్‌బీ ఖలందర్‌కు కూడా చెప్పలేదు. మళ్ళీ మలారం భుజాన వేసుకుని రెండిళ్ళకూ తిరిగింది. తిరగకపోతే అనుమానం వస్తుందని భయం.

నాగమ్మ ఇంటికి పోవడమే ఆమెకు చావుగా ఉండేది. నాగమ్మకు గాజులు లేవు, కొనేది లేదు. అయినా వాకిట్లో కూర్చోబెట్టుకుని ప్రతిసారీ అదే అడిగేది.

"నువ్వు ఊరూరూ తిరుగుతాండావు గదా లాల్‌బీ. ఎవరన్నా ఏమన్నా చెప్పినారా? నా కొడుకు నోట్లో కడసారి ఎవరన్నా నీళ్ళు పోసినారా? వానికి దాహం శానా ఎక్కువమ్మా. అన్నం తినేటప్పుడు గూడ చెంబు పక్కనుండాల."

"నాకేం తెల్సమ్మా" అని లాల్‌బీ లేచిపోయేది. లోకంలో ఉన్న ప్రతి వస్తువు మీదా ఒక మాట చెప్పగలిగిన మనిషి ఆ వాకిట్లో మాత్రం మూగదయ్యేది.

వానలు వెనకబట్టాయి. దసరాకు గాజుల సరుకు తేవడానికి లాల్‌బీ ప్రొద్దుటూరు పోయి, పనయ్యాక పగటి ఆట సినిమా చూసింది. రాజులు, కత్తులు, ఏటి ఒడ్డున ఒక హత్య. బయటికొచ్చేటప్పటికి ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. ఆ కోపం ఎందుకో ఆమెకే తెలియలేదు. సినిమా బాగలేదు, అంతే అనుకుంది.

మర్నాడు చెన్నప్ప ఇంట్లో అతని భార్య ప్రమీలమ్మకు గాజులు తొడుగుతోంది. ప్రమీలమ్మకు సినిమా పిచ్చి. చూసే యోగం లేదు గనక లాల్‌బీ నోటి వెంట విని తృప్తిపడేది. చెన్నప్ప ముందరింట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నారు.

"పాటలు బాగుండాయి. ఆ పిల్ల కట్టుకున్న కోకలు బాగుండాయి" అంటూ లాల్‌బీ ప్రమీలమ్మ పిడికిలి నొక్కి గాజు జరుపుతోంది. "చెయ్యి వదులు చెయ్యమ్మా. కత్తి యుద్ధం మాత్రం వట్టి మోసం. పొడిపించుకున్నోడు నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకోని, పద్యమంత మాట్లాడి, మెల్లగ పండుకుంటాడు. బట్టలు గూడ నలగవు. మనిషిని నరికితే అట్లుంటాదా?"

"మరెట్లుంటాది?" అని ప్రమీలమ్మ నవ్వింది.

తాను చూసినదాన్ని దాచుకోవడం లాల్‌బీకి అలవాటు లేదు. నెలల తరబడి బిగబట్టింది ఒక్కసారిగా బయటపడింది. "కొడవలి ఎముకలో ఇరుక్కుంటే ఊడిరాదమ్మా. రొమ్ము మీద కాలు పెట్టి తన్ని గుంజుకోవాల. సచ్చేటోడు మాట్లాడడు, ఊడిపోయిన చెప్పు కోసరం దేవులాడతాడు. సంపినోడు మీసం దువ్వడు. పక్కకు పోయి, చొక్కా మీదంతా కక్కుకుంటాడు."

ప్రమీలమ్మ చెయ్యి బిగుసుకుపోయింది. గాజు చిట్లి లోపలికి గుచ్చుకుంది. ఆ రోజు మొగుడి చొక్కా ఉతికింది ఆమే. మణికట్టు నుంచి నెత్తురు కారుతుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికి లాల్‌బీకి తానేం మాట్లాడిందో అర్థమైంది.

మంచం కిర్రుమంది. చెన్నప్ప గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"కక్కుకున్నోడు ఏ సినిమాలో ఉండాడే లాల్‌బీ?"

సినిమాలోనే ఉన్నాడని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేదేమో. ఆ అలవాటు లేని లాల్‌బీ మలారం అందుకుని లేవబోయింది.

చెన్నప్ప ఆమె జుట్టు పట్టుకుని పెరట్లోకి ఈడ్చాడు. మలారాన్ని నేలకేసి కొట్టి చెప్పుకాళ్ళతో తొక్కాడు. దసరా సరుకంతా నుసైంది. ఆ నుసి మీదనే ఆమెను మోకాళ్ళ మీద కూలదోశాడు. "ఎంత సూసినావు? యాడినుంచి సూసినావు? ఎవురికి సెప్పినావు?" ప్రతి ప్రశ్నకూ ఒక తన్ను. "ఎవరికీ చెప్పలేదప్పా, అల్లా తోడు" అని లాల్‌బీ అరిచింది. అది నిజమే. ప్రమీలమ్మ వచ్చి కాళ్ళు పట్టుకుంది. ఆమెనూ తన్నాడు, ఆమె గోడకు కొట్టుకుని పడింది. లాల్‌బీ కుడిచేతిని రోటి అంచున పెట్టి, మణికట్టును కాలితో అదిమి, రోకలెత్తాడు. వేళ్ళు చితికాయి. ఇంకోసారి ఎత్తాడు.

"ఇప్పటికిది చెయ్యి. నోరు తెరిస్తే నాలిక" అని రోకలి పారేసి పోయాడు.

ప్రమీలమ్మ పాకుతూ వచ్చి తన పైట చింపి ఆ చేతికి చుట్టింది. "పో లాల్‌బీ. మల్లా ఈ గడప తొక్కొద్దు" అంది. లాల్‌బీ ఎడమచేత్తో మరచెంబు పట్టుకుని ఏరు దాటింది.

జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరు కట్టు కడుతూ పడిపోయావా అని అడిగాడు. పడిపోయానని చెప్పమని ఖలందర్ కళ్ళతోనే బతిమాలాడు. "పడలేదు. కొట్టినారు" అంది లాల్‌బీ.

బయటికొచ్చాక ఖలందర్ ఏడ్చాడు. "నాలిక కోస్తానన్న్యాడు గదనే. వాడు కోస్తాడు. అన్నంత పనీ చేసే రకం."

"కోసేలోపల వాడతా. ఇన్నాళ్ళు నోరు మూసుకుంటే చెయ్యన్నా మిగిల్తాదనుకుంటిని. ఇంగ దేనికి బయపడాల?" అని నేరుగా పోలీసు స్టేషనుకు నడిచింది. కసి వల్లనే నడిచింది, న్యాయం కోసం కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ కసి కింద ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఆమె పైకి రానివ్వలేదు.

ఆ వారంలోనే చెన్నప్ప మనుషులు వాళ్ళ ఇంటికి నిప్పు పెట్టారు. ఇంటినిండా పరుపుల దూది గనక క్షణాల్లో అంటుకుంది. ఖలందర్ కనుబొమలు కాలిపోయి, ఒట్టి చేతులతో బయటపడ్డాడు. ప్రొద్దుటూరులో లాల్‌బీ తమ్ముడు అల్లాబక్ష్ ఇంట్లో చేరితే అక్కడికీ వచ్చి, పట్టపగలు బజారులో అల్లాబక్ష్ తల పగలగొట్టి, అక్కకు చెప్పమని పోయారు. అతను నెత్తిన గుడ్డ చుట్టుకుని, నెత్తురోడుతూ వచ్చి అక్కకు చెప్పాడు. ఏం చెప్పమన్నారో చెప్పి, "వాళ్ళ మాట వినొద్దు" అని తన మాట కూడా కలిపాడు. చెన్నప్పను పులివెందుల దగ్గర బంధువుల తోటలో పట్టుకున్నారు.

కడప కోర్టులో బోనెక్కేటప్పటికి లాల్‌బీ కుడిచేతి వేళ్ళు వంకర్లు తిరిగి ఎండిపోయి ఉన్నాయి. చూసింది చూసినట్టు చెప్పింది. చెన్నప్ప తరపు లాయరు నల్లకోటు సర్దుకుని చిరునవ్వుతో లేచాడు.

"ఏమమ్మా, నువ్వు సబ్బుల మీద, స్నోల మీద, సినిమాల మీద అభిప్రాయాలు చెబుతూ తిరుగుతుంటావట గదా?"

"వాడినవాటి మీద చెప్తా. చూసినవాటి మీద చెప్తా."

"నువ్వు చూసిన ఆ సినిమాలో కూడా ఏటి ఒడ్డున హత్య ఉంది, అవునా?"

"ఉండాది."

"అది చూసొచ్చి ఈ కథ అల్లావు. అంతేనా?"

కోర్టులో నవ్వారు. లాల్‌బీకి కోపం వచ్చింది. కోపం వస్తే ఆమెకు మాట తడబడదు.

"అయ్యా, ఆ సినిమా బాగలేదు. అది చూసి కథ అల్లింటే, నేనూ వాళ్ళ మాదిరే చెప్పిందును. ఈ పిల్లోడు గుండె మీద చెయ్యి పెట్టుకున్న్యాడని, శాపనార్థాలు పెట్టినాడని చెప్పిందును. సినిమాలో చంపినోడికి చెమట పట్టలేదు. ఈయప్ప కక్కుకున్న్యాడు. సినిమాలో సచ్చినోడు శానా సేపు మాట్లాడినాడు. ఈ పిల్లోడు ఒకటే మాటన్న్యాడు. నీళ్ళన్న్యాడు."

వెనక బెంచీ మీద నాగమ్మ తలెత్తింది.

నీ దగ్గర నీళ్ళున్నాయా అని ఎవరూ అడగలేదు. ప్రాసిక్యూటరుకు ఆ సంగతి అక్కర్లేదు, లాయరుకు తట్టలేదు. లాల్‌బీ మాత్రం ఆ ప్రశ్న వస్తుందని బోనులో బిగుసుకుని నిలబడింది. అడిగితే నిజమే చెప్పేది. జడ్జి దిగిపొమ్మన్నాడు. కడకు చెన్నప్పకు యావజ్జీవం పడింది గానీ, అది తర్వాతి మాట.

బయట వరండాలో నాగమ్మ కాచుకుని ఉంది. మనిషి సగమైపోయింది. లాల్‌బీని చూసి చెయ్యెత్తి నమస్కారం చేయబోయి, ఆమె ఎడమచేతిలోని మరచెంబు చూసి ఆగిపోయింది.

"నీళ్ళడిగినాడంటివే" అంది.

"అడిగినాడమ్మా."

"నీ కాడ చెంబుండాదా అప్పుడు?"

"ఉండాది."

"పోసినావా?"

లాల్‌బీ చుట్టూ చూసింది. ఖలందర్ దూరంగా మెట్ల మీద ఉన్నాడు. పోలీసులున్నారు. సాయం చేసేవాళ్ళు ఎవరూ లేరు. ఇసుకలో పారబోసిన నీళ్ళు ఆమెకు కళ్ళ ముందు కనబడ్డాయి.

"పోసినానమ్మా. తాగినాడు."

"ఎంత తాగినాడు?"

"చెంబు నిండుగుండె. అంతా తాగినాడు."

నాగమ్మ కళ్ళు మూసుకుంది. అంగట్లో సరుకు గురించి అడిగినంత మామూలుగానే, కానీ భయం భయంగా అడిగింది. "ఎండకు కాగినాయేమో. నీళ్ళు బాగుండెనా?"

"అప్పుడే చెలమలో ముంచినవి. సల్లగుండె. శానా బాగుండె."

"నువ్వు బాగుండాదంటే బాగుండాదే" అంది నాగమ్మ. ఆమె మొహంలో ఎన్నాళ్ళదో బిగువు సడలింది. గోడకు చేరగిలబడి కూర్చుని, "నాకూ దప్పికైతాంది, నీళ్ళు పొయ్యి" అంది.

లాల్‌బీ చెంబు మూత తిప్పబోయింది. ఒక్క చేత్తో రాలేదు. నాగమ్మే ముందుకు వంగి, మడి మరచి, రెండు చేతులతో ఆ చెంబును గట్టిగా పట్టుకుంది. లాల్‌బీ ఎడమచేత్తో మూత తిప్పి తీసింది. నాగమ్మ దోసిలి పట్టింది. చెంబు ఖాళీ అయ్యేదాకా లాల్‌బీ పోస్తూనే ఉంది.